పెనుకొండ దొరసాని కుర్చీలో ఒక పూట

మా రేపల్లె వాళ్ళకు అనంతపురం జిల్లా గురించి రెండే సంగతులు తెలుసు. అక్కడ వాన పడదు, ధర్మవరంలో పట్టుచీరలు నేస్తారు. నేనూ అంతే తెలిసి బయల్దేరాను. మా అన్నయ్య కూతురి పెళ్ళికి చీర తెమ్మని మా ఆవిడ పురమాయించింది. బెంగుళూరులో నాకు వేరే పని ఉంది కాబట్టి, అది చూసుకుని ధర్మవరం మీదుగా ఇల్లు చేరవచ్చు అనుకున్నాను. చీర తెచ్చాను. ఆ రంగు బాగాలేదని మా ఆవిడ కొన్నాళ్ళు సాధించింది, అదీ అయిపోయింది. దారిలో నేను తిన్న భోజనం గురించి మాత్రం అడిగిన ప్రతివాడికీ మొదటినుంచీ చెప్పలేక చస్తున్నాను. ఒకసారి రాసి పడేస్తే నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు నాలుగు తిట్టుకుంటారు.

ముందే ఒక మాట చెప్పాలి. నేను దయ్యాల కథలు చెప్పేవాణ్ణి కాను, తిండి కథలు చెప్పేవాణ్ణి. మా ఊళ్ళో ఎవరింట్లో విస్తళ్ళు వేసినా నన్ను చివరి బంతిలోనే కూర్చోబెడతారు. మొదటి బంతిలో కూర్చుంటే వెనక వాళ్ళకు కూర మిగలదని వాళ్ళ భయం. ఈ విషయంలో నాకు సిగ్గు ఎప్పుడూ లేదు.

హిందూపురం

అలాంటి నేను హిందూపురం స్టేషన్లో దిగేసరికి కడుపు పట్టుకుని ఉన్నాను. బెంగుళూరులో ఒక మిత్రుడు నిన్నటి సాంబారు వేడి చేసి మర్యాద చేశాడు. రైలంతా దాని ఫలితం అనుభవించి, ఇక కూర్చోలేక మధ్యలోనే దిగాను.

ఊరు బెల్లం వాసన వేస్తోంది. బజారులో బెల్లం దిమ్మలు, చింతపండు కుప్పలు, వాటి మీద ఈగలు, ఈగల మీద విసనకర్రలు. బేరం తెలుగులో మొదలుపెట్టి, కోపం వస్తే కన్నడంలోకి పోయి, ఒప్పుకునేటప్పుడు మళ్ళీ తెలుగులోకి వస్తారు. డబ్బుల్ని దుడ్లంటారు. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త కదా, చిల్లర దగ్గర మాత్రం రెండు భాషల్లోనూ గొడవే.

స్టేషన్ ఎదురుగా ఒక పూటకూళ్ళ హోటల్లో కూర్చున్నాను. వడ్డించేది హోటలామే. రాగిసంగటి ముద్ద, మా ఇళ్ళలో శివలింగమంత, నా విస్తట్లో పెట్టి మధ్యలో గుంట చేసి పులుసు పోసింది. మామూలు రోజైతే అలాంటివి నాలుగు లాగించేవాణ్ణి.

“ఏమప్పా, ఇంగొక ముద్ద పెడుదునా?”

“చాలమ్మా, చాలు.”

“చారన్నా పోసుకో.”

“చాలు.”

“మజ్జిగా?”

“చాలు తల్లీ, నన్నొదిలెయ్యి.”

“ఇంత మనిషివి ఉండావు, కోడిపిల్ల మాదిరి తింటాండావే!” అని నవ్వింది హోటలామె.

ఎదుటి గోడ దగ్గర ముప్పై ఏళ్ళ మనిషి ఒకామె కూర్చుని ఉంది. ఒళ్ళో బెల్లం మూట. తన సంగటి తినడం మానేసి నన్నే చూస్తోంది. నేను చెయ్యి కడుక్కుని బయటికి రాగానే వెనకే వచ్చింది.

“అన్నా, నీది యా ఊరు?”

“రేపల్లె. గుంటూరు అవతల, సముద్రం దగ్గర.”

“పెనుకొండకు ఎప్పుడన్నా వచ్చినావా?”

“లేదమ్మా.”

“ఆడ మీవాళ్ళు ఎవరన్నా ఉండారా?”

“ఎవరూ లేరు.”

నేను లేదన్నకొద్దీ ఆమె మొహం విప్పారుతోంది. “ఎప్పుడూ ఇంతేనా నువ్వు తినేది?” అని అడిగింది చివరికి. పరాయి ఆడమనిషితో కడుపు సంగతి ఏం చెప్పుకుంటాం? “ఆఁ, ఇంతే,” అన్నాను. ఆమె పైకి చూసి శిలువ గుర్తు వేసుకుంది.

పేరు కరుణ. ధర్మవరంలో కాపురం. భర్త రత్నం పట్టు నూలుకు రంగులద్దే షెడ్డులో కూలి చేస్తాడు. తల్లి మార్తమ్మ మాత్రం పెనుకొండలో ఒంటరిగా ఉంటుంది. ఆ తల్లి కోసమే ఈమె బెల్లం కొనడానికి వచ్చింది, నాలాంటి మనిషి కోసం కూడా వెతుకుతోంది. ఆ రెండో సంగతి ఆమె చెప్పిన తీరు ఇది:

“మా యమ్మ రైల్వే గార్డు దొర ఇంట్లో వంటమనిషి. దొర ముందే సచ్చిపాయె. దొరసానికి జబ్బు చేస్తే, అన్నం పెట్టొద్దు, గంజినీళ్ళే పొయ్యమని డాక్టరు చెప్పినాడు. ఆమె ఆకలి ఆకలి అని ఏడ్సినా మా యమ్మ డాక్టరు మాట జవదాటల్యా. ఆ ఆకలితోనే పోయిందన్నా దొరసాని. శవం కాళ్ళు పట్టుకొని మా యమ్మ ఒట్టు పెట్టుకునింది. నువ్వు చాలనేదాకా వండి పెడతా, అప్పటిదాకా ఈ ఇల్లు ఇడ్సి పోను అని.”

“చచ్చిపోయినామె చాలని ఎలా చెబుతుందమ్మా?”

“ఏడాదికోసారి సమాధుల పండగనాడు దొరసాని బల్ల పరుస్తాది మా యమ్మ. ఆమె కుర్చీలో ఊరు కాని ఊరు మనిషిని కూర్చోబెట్టి తినిపిస్తాది. ఆ మనిషి నోట చాలు అనే మాట రావల్ల. అంతే.”

మా వైపు తద్దినాల్లో భోక్త కూర్చుని తిని తృప్తి అని పలికే తతంగమే ఇది. దానికి చర్చీ పండగ, బల్లా కుర్చీ తగిలించుకున్నారు. నాకు నవ్వొచ్చింది. భోజనం చేసి చాలనడానికి ఏం కష్టం?

“ఇన్నేండ్లలో ఒక్కరన్నా ఆ మాట అనల్యా,” అంది కరుణ. “గుడ్డల వ్యాపారి వచ్చినాడు. బస్సు కండక్టరు వచ్చినాడు. అందరికీ ముందే చెప్పినా, చాలు అనండప్పా అని. గిన్నెలన్నీ ఖాళీ అయ్యేదాకా ఇంగా, ఇంగా అనే అన్నారు. పోయిన నెల మా యమ్మ పొయ్యికాడ తూలి పడి మోచెయ్యి కాల్చుకునింది. కండ్లు సరీగా కనపడవు. ఇంగొక ఏడు ఆడ్నే ఉంటే నాకు మా యమ్మ దక్కదన్నా. నువ్వు ఈడ కూర్చున్నంతసేపూ చాలు చాలు అనే అంటివి. నువ్వు రావల్ల.”

ఆ పండగ మర్నాడే. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి. నేను సరే అన్నాను. కొత్త తిండి అనే ఆశ కూడా ఒక మూల ఉందని దాచుకోవడం దేనికి?

సోమందేపల్లి దగ్గర

రైలు తప్పిపోయి బస్సెక్కాం. దారి పొడుగునా చెనిక్కాయ చేలు, అంటే మా వేరుశెనగ, నల్లటి బండరాళ్ళు, మనుషుల కంటే ఎక్కువ మేకలు. సోమందేపల్లి దగ్గర చక్రానికి గాలి పోయింది. బస్సాయన ఇంకా జాకీ వెతుక్కుంటూ ఉండగానే నా కడుపు బాగుపడింది. ఎలా తెలిసిందంటే, రోడ్డు పక్క అంగడిలో మిరపకాయ బజ్జీల వాసనకు కాళ్ళు వాటంతటవే నడిచాయి.

ఉగ్గాణీ, బజ్జీ. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి తాలింపు వేసి, వేయించిన పప్పుల పొడి చల్లితే ఉగ్గాణీ. మా వైపు ఈ సంగతే తెలియక బొరుగుల్ని ఉండలు చుట్టి పాడుచేసుకుంటున్నాం. ఒక పొట్లం తిన్నాను. రెండోది తింటున్నాను. మూడోది కట్టమంటూ ఉండగా పక్కన కరుణ గొంతు వినపడింది.

“ఏమన్నా! కోడిపిల్ల తిండి అంటివే!”

“బస్సు చెడిపోయింది కదమ్మా, ఏదో కాలక్షేపానికి.”

ఆమె నా చేతిలో పొట్లం చూసింది, నా పొట్ట చూసింది. ఆమె మొహంలో రంగు పోయింది. మళ్ళీ బస్సు కదిలేదాకా నాకు వీపు పెట్టి నిలబడింది. మూడో పొట్లం కట్టొద్దన్నాను.

పెనుకొండ

పెనుకొండలో ఎటు చూసినా కొండే. దాని మీద పాడుబడ్డ కోటగోడలు. సాయంత్రం అవకముందే కొండ నీడ ఊరి మీద పడి, ఇళ్ళలో దీపాలు పెట్టేస్తారు. దొరసాని ఇల్లు స్టేషన్‌కు దగ్గరలో, ఊరికి కొంచెం ఎడంగా ఉంది. బంగాళాపెంకులు, పొగగొట్టం, చుట్టూ సీతాఫలం పొదలు. మార్తమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. పొట్టి మనిషి, తల ముగ్గుబుట్ట, ఎడమ మోచేతికి గుడ్డ కట్టు. ఆ రాత్రి వసారాలో మంచం వేసి నాకు ఇంత మజ్జిగన్నం పెట్టారు. కూరేమీ లేదు.

పొద్దున లేచేసరికి వంట మొదలైంది. నేను వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాను. అలాంటి చోట నన్ను ఎవరూ లేపలేరు.

“అవ్వా, ఇది దొరల వంటా, మన వంటా?”

“రెండూ కాదప్పా,” అంది మార్తమ్మ. ఒక పక్క ఉల్లిపాయలు ఎర్రగా వేగుతున్నాయి, ఇంకో పక్క చెనిక్కాయలు నానబెట్టి రుబ్బి పాలు పిండుతోంది. “దొరసాని తాత యాడ్నుంచో ఓడెక్కి వచ్చినాడంట. ఆమె అవ్వ ఈ పక్క పల్లె మనిషి. ఆయప్ప అడిగే కూర ఆమెకు రాదు. ఆమె చేసే కూర ఆయప్పకు దిగదు. దినామూ కొట్లాటే. ఆయప్ప కారం తగ్గీమంటే ఆమె బెల్లం ఏసింది. ఆమె చింతపండంటే ఆయప్ప సిర్కా తెచ్చినాడు. కొబ్బరి యాడిదప్పా ఈ సీమలో? చెనిక్కాయ పాలు పోసింది. అట్ల కొట్లాడి కొట్లాడి పుట్టింది ఈ వంట.”

సిర్కా అంటే వెనిగర్. ఆమె నేరేడుపళ్ళతో ఇంట్లోనే పెట్టుకుంటుంది. సీసా మూత తీస్తే నా కళ్ళు మండాయి. మా రేపల్లెలో పులుపంటే గోంగూర, కాదంటే మామిడికాయ. పళ్ళను పాడుచేసి పులుపు తీయడం నేనెక్కడా చూడలేదు.

“నీకెవరు నేర్పారు?”

“దొరసానే. బల్లకాడి కుర్చీ ఈడ ఏసుకొని చెప్తా ఉన్నింది, నేను చేస్తా ఉన్నింటి. ఇప్పుడూ చెప్తాది.”

ఇప్పుడూ అంటే ఏమిటని అడగబోయాను. ఆమె అప్పటికే తల ఒక పక్కకు వంచి ఆగిపోయింది. గరిటె గాల్లో ఉంది. ఎవరో ఏదో అంటున్నట్టు వింది, “అట్లనే మేడం,” అంది, తీసి పక్కన పెట్టిన లవంగాల్లోంచి ఒకటి మళ్ళీ వేసింది. తర్వాత నా వైపు తిరిగి మామూలుగా మాట్లాడింది. నేను పీట కొంచెం వెనక్కి జరుపుకున్నాను.

ఒక్క గిన్నెలోదీ ఆమె రుచి చూడలేదు. దొరసానికి పెట్టకముందు ఎంగిలి చేయకూడదట. అడుగున అంటిన మెతుకులు కూడా దొరసాని సమాధి మీద పోసి వస్తుందట. కరుణ వంటింట్లోకే రాలేదు. పెరట్లో తల్లి బట్టలు మడిచి మూట కడుతోంది. నన్ను చూసి, “అన్నా, మర్సిపోవద్దు,” అంది మెల్లగా. నేను గుండె మీద చెయ్యి వేసుకుని తల ఊపాను.

బల్ల దగ్గర

మిట్ట మధ్యాహ్నం పిలిచారు. బయట ఎండ కళ్ళు చెదరగొడుతోంది, లోపల బల్ల మీద తెల్లగుడ్డ, పింగాణీ పళ్ళెం, చాకు, ముళ్ళ చెంచా. పళ్ళెం ఒకటే. కుర్చీ ఎత్తుగా ఉంది, ఎక్కి కూర్చోవాల్సి వచ్చింది. కూర్చున్నాక తెలిసింది, అది వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు ఉంది. కిటికీ ఎండ అటు పడుతోందేమో అని చూశాను. కిటికీ నాకు ఎదురుగా ఉంది, ఎండ బల్ల దాకా కూడా రాలేదు.

పెరటి గోడ మీద కాకులు బారుగా కూర్చున్నాయి. మార్తమ్మ మొదటి ముద్ద తీసి గోడ కింద ఒక రాతి మీద పెట్టి వచ్చింది. మా ఇళ్ళలో అయితే ఆ పాటికి ఎగబడి తన్నుకునేవి. ఇక్కడ ఒక్కటీ దిగలేదు, ఒక్కటీ అరవలేదు.

ముందు మిరియాల సూపు పెట్టింది. తర్వాత చెనిక్కాయ పాలతో వండిన పసుపన్నం, కైమా ఉండల కూర, ఉల్లిపాయ ఎర్రచట్నీ. ఆ తర్వాత కోడికూర. దానికి కాప్టెన్ కూర అని పేరట. ఏ కాప్టెనో, ఏ ఓడో ఆమెకూ తెలియదు.

జన్మలో ముళ్ళ చెంచా పట్టినవాణ్ణి కాదు. పట్టుకున్నాను. ఎంత తీరుగా పట్టుకున్నానంటే, కోడి ఎముక నుంచి మాంసం చాకుతో విడదీసి, చెంచా వెనక అన్నం అద్ది, గుడ్డ మీద చుక్క పడకుండా నోట్లో పెట్టుకున్నాను. నా చేతుల్ని నేనే వింతగా చూశాను.

ఆ రుచి గురించి తర్వాత చెప్తాను, చెప్పక తప్పని సందర్భం వచ్చింది. ఇప్పుడు ఆకలి గురించి చెప్పాలి. ఎన్నో ఆకళ్ళు చూశాను నేను. ఉపవాసాలు తెలుసు, రైలు ప్రయాణాలు తెలుసు. ఇది వేరు. ముద్ద లోపలికి పోయినకొద్దీ ఆకలి పెరుగుతోంది. కడుపులో కాదు. ఎముకల్లో ఉంది. నెలల తరబడి గంజినీళ్ళ మీద ఉన్న మనిషి ఆకలి అది. నాకు ఏడుపు వస్తోంది, తింటూనే ఉన్నాను.

సరే, ఇక చాలందాం అనుకున్నాను. నోరు తెరిచాను.

“ఇంకా,” అన్నాను.

గొంతు నాదే. మాట నాది కాదు. “పెడతాండా దొరసానీ,” అంది మార్తమ్మ, నా పళ్ళెంలో కూర వేస్తూ. అప్పుడు గమనించాను, ఆమె నా మొహంలోకి చూడటం లేదు. నా నెత్తికి జానెడు పైన చూస్తోంది. దొరసాని మంచి పొడగరి అని పొద్దున ఆమే చెప్పింది.

మళ్ళీ ప్రయత్నించాను. “ఇంకొంచెం” అన్నాను. ఇంకోసారి పళ్ళు బిగబట్టి ప్రయత్నిస్తే పెదాలు వాటంతటవే విడిపోయి అదే మాట అన్నాయి. గుమ్మంలో కరుణ నిలబడి ఉంది. చంకలో బట్టల మూట. దాన్ని కింద పెట్టలేదు. ఆమె పెదాలు శబ్దం లేకుండా కదులుతున్నాయి. చాలు అను, చాలు అను, చాలు అను. గిన్నెలో కూర అడుగంటుతోంది. అది అయిపోతే ఈ ఏడు కూడా పోయినట్టే.

నన్ను నేను తిట్టుకున్నాను. తిండిపోతు వెధవా, ఇన్నాళ్ళూ అందరిళ్ళలో మింగినదంతా ఇలా తగులుకుంది, ఒక ముసలమ్మ ప్రాణం మీదికి తెచ్చావు అనుకున్నాను. ఇది దయ్యమా, నా తిండియావా అని ఆ నిమిషంలో నేను నిజంగా తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేలలేదు. ముళ్ళ చెంచా వదిలేద్దామంటే వేళ్ళు విడిపోలేదు. ఎడమచేత్తో ఒక్కొక్క వేలూ ఊడదీసుకున్నాను.

మా ఊరి బంతుల్లో వడ్డించేవాడు వినకపోతే ఏం చేస్తాం? విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి వంగిపోతాం. నోరు నా మాట వినకపోయినా చేతులకు ఆ అలవాటు ఉంది. రెండు అరచేతులూ పళ్ళెం మీద కప్పేశాను. మార్తమ్మకు చేతులు కనపడలేదో, ఆమె చూస్తున్నది వాటిని కాదో, పొగలు కక్కుతున్న కూర గరిటెడు నా చేతుల మీద పోసింది.

“అబ్బా! చాలు! చాలు తల్లీ, చాలు!”

గావుకేక పెట్టాను. కుర్చీ మీంచి కింద పడ్డాను కూడా.

మార్తమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె చూపు గోడ మీంచి నెమ్మదిగా దిగి, దిగి, నా మొహం మీదికి వచ్చింది. మొదటిసారి నన్ను చూసింది. “చెయ్యి కాలెనా అప్పా?” అంది. “అయ్యో, చూడల్యా నేను.” కరుణ పరుగున వచ్చి తల్లిని గట్టిగా వాటేసుకుని, ఏడుస్తూ నా వైపు దండం పెట్టింది.

నేను చేతులు ఊదుకుంటూ లేచాను. ఇల్లంతా నిండి ఉన్న ఆ వాసన లేదు. మసాలా లేదు, ఉల్లిపాయ లేదు, ఏమీ లేదు. పళ్ళెంలో మిగిలిన ముక్క నోట్లో వేసుకున్నాను. తడి గుడ్డ నమిలినట్టుంది. పెరట్లో రెక్కల చప్పుడైంది. కాకులు రాతి మీద ముద్దకు దిగాయి.

రైల్లో

సాయంత్రం బండికే ముగ్గురం ధర్మవరం బయల్దేరాం. ఇంటికి తాళం వేసేటప్పుడు మార్తమ్మ వెనక్కి తిరిగి చూస్తుందేమో, ఏడుస్తుందేమో అని కరుణ భయపడింది. ఆమె ఏమీ చూడలేదు. కిటికీ పక్క కూర్చుని, ప్రతి స్టేషన్లో ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ పలకరించింది. బొరుగులు కొనిపించుకుని తింది. నా చేతులకు కొబ్బరినూనె రాసింది. కరుణకు రెండు కళ్ళూ చాలడం లేదు తల్లిని చూసుకోవడానికి. దొరసాని వంటింట్లోంచి చేతికందిన వస్తువు ఒక్కటే తెచ్చింది కరుణ, ఆ నేరేడు సిర్కా సీసా. పైటకొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

ధర్మవరం

ధర్మవరంలో తెల్లవారకముందే మగ్గాల చప్పుడు మొదలవుతుంది. రత్నం వాళ్ళుండే వీధిలో మురిక్కాలవ ఒక రోజు ఎర్రగా, ఒక రోజు పచ్చగా పారుతుందట. నేను వెళ్ళిన రోజు వంకాయ రంగులో పారింది. ఉదయం రత్నం నన్ను ఒక నేతగాళ్ళ ఇంటికి తీసుకెళ్ళి చీర ఇప్పించాడు. ఇంటిల్లిపాదీ మగ్గం చుట్టూనే తిని, మగ్గం పక్కనే పడుకుంటారు. ఆ చీర రంగే మా ఆవిడకు నచ్చనిది. వంకాయ రంగు కాలవ చూసిన కళ్ళతో కొన్నానని ఆమె అభియోగం.

తిరిగి వచ్చేసరికి రత్నం తమ్ముడు పంపిన కోడి సిద్ధంగా ఉంది. కరుణ పొయ్యి అలికి, ఉల్లిపాయలు, బెల్లం, చెనిక్కాయలు వరసగా పెట్టి, మధ్యలో సిర్కా సీసా పెట్టింది. ఆమె మొహం పండగలా ఉంది.

“అమా, కాప్టెన్ కూర చెయ్యి. అన్నకూ మనకూ అందరికీ.”

మార్తమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు చకచకా తరిగింది. నూనె పోసింది. వేయించింది. ఆగిపోయింది.

“ఇంగ ఏందే ఏసేది?”

“నాకేం తెల్సుమా? నువ్వే గదా చేసేది.”

“ఏం కూర అంటివి?”

“కాప్టెన్ కూర.”

“అదేం కూరే?”

వేళాకోళం అనుకుని నేనూ రత్నం నవ్వాం. కరుణ నవ్వలేదు. సీసా మూత తీసి తల్లి ముక్కు దగ్గర పెట్టింది. మార్తమ్మ మొహం పక్కకు తిప్పేసుకుంది. “చెడిపోయిండాది, పారబొయ్.” కరుణ ఒక్కొక్కటే అడిగింది. దొరసాని గుర్తుంది. పెనుకొండ ఇల్లు గుర్తుంది. బల్ల తుడిచింది, గిన్నెలు తోమింది, సమాధి దగ్గర దీపం పెట్టింది, అన్నీ గుర్తున్నాయి. వంట ఎవరు చేసేవాళ్ళంటే మాత్రం ఆమె చాలాసేపు ఆలోచించింది. “ఎవరో ఉన్నింటారులే,” అంది. ఆమెలో దిగులు లేదు. తేలిగ్గా, హాయిగా ఉంది మనిషి.

కరుణ తల్లి చేతిలో గరిటె తీసుకుని మామూలు కోడిపులుసు చేసింది. అందరం కూర్చున్నాం. మార్తమ్మ సంగటి ముద్ద తుంచి పులుసులో అద్ది ఇష్టంగా తింటోంది. కరుణ తన పళ్ళెం ముట్టుకోలేదు.

“అమ్మ వచ్చింది కదమ్మా, ఇంకేం కావాలి? కూర పోతే పోయింది,” అన్నాను.

“వచ్చింది. అదే చాలు నాకు,” అంది. పులుసు గిన్నెలో గరిటె తిప్పుతూ మళ్ళీ అంది. “నేను ఆ వంటింటి ఎనక గుమ్మంలోనే పెరిగినానన్నా. దినామూ ఆ వాసన పీల్చుకుంటా సంగటి తింటి. ఒక్క ముద్ద పెట్టుమా అని ఏడిస్తే, దొరసాని బల్ల మీదిది మన నోట్లోకి పోకూడదు అనేది, ఆమె పోయినంక ఒట్టు ఉండాది అనేది. నిన్న మిగిలింది నోట్లో ఏసుకుంటి. చప్పగా ఉన్నింది. ఒట్టు తీరింది గదా, మా యమ్మ మా ఇంటికొచ్చి వండితే నా పిల్లప్పటి వాసనను ఒకసారి తిందామనుకుంటి.” కొంగుతో మొహం తుడుచుకుంది. “నువ్వు తినింటివి గదా. ఎట్లుండాదన్నా అది?”

తిండి గురించి మాట్లాడటానికి నేనెప్పుడూ తడుముకోలేదు. ఆ రోజు తడుముకున్నాను. “ముందు తీపి తగులుతుందమ్మా,” అన్నాను. “వేగిన ఉల్లిపాయ తీపి, దాని వెనక బెల్లం. ఇది తీపి కూర కాబోలు అనుకునేలోపు పులుపు వచ్చి నాలుక పక్కల్ని పట్టుకుంటుంది. చింతపండులా లాగదు, సన్నగా గుచ్చుతుంది. కారం చివర్లో వస్తుంది, గొంతు దిగాక. ఇద్దరు కొట్లాడుకుంటున్నట్టే ఉంటుంది, ఇంతలో చెనిక్కాయ పాలు వచ్చి ఇద్దర్నీ ఊరుకోబెడతాయి. ముక్క నమలక్కర్లేదు. మింగాక నోట్లో లవంగం ఒక్కటే మిగులుతుంది. ఇంట్లో ఎవరో మనకోసం చాలాసేపు పొయ్యి దగ్గర నిలబడ్డారని తెలుస్తుంది.”

కరుణ కళ్ళు మూసుకుని వింది. నేను చెప్పే ప్రతిదానికీ ఆమె గొంతు కదిలింది.

మార్తమ్మ కూడా ముద్ద చేతిలోనే పట్టుకుని అంతా వింది. “ఎంత బాగ చెప్తాండాడే,” అని కూతురితో అని, నా వైపు తిరిగింది. “ఎవరు చేసినారప్పా ఆ కూర?”

నేను కరుణ వైపు చూశాను. కరుణే కళ్ళు తెరిచి తల్లి పళ్ళెంలో ఇంకో ముద్ద పెట్టింది.

“మా యమ్మ చేసినాది,” అంది.